అమ్మ పేరు చెప్పి కత్తెత్తకండి

మేకపోతు నెత్తిన పసుపునీళ్లు కుమ్మరిస్తారు. డప్పులు ఒక్కసారిగా ఆగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఒంటి మీద చల్లటి నీళ్లు పడితే ఏ జీవమైనా ఏం చేస్తుంది? ఒళ్లు విదిలిస్తుంది. ఆ విదిలింపు కోసమే కాచుకున్నవాళ్లు "అమ్మోరు ఒప్పుకుంది!" అని కేక పెడతారు. కత్తి దిగుతుంది. ఒక్కోసారి ఆ మూగజీవం బెదిరిపోయి కొయ్యబారి నిలబడుతుంది. అప్పుడు ఇంకో చెంబు పోస్తారు. వీపు మీద పోస్తారు, చెవిలో పోస్తారు, విదిలించేదాకా పోస్తూనే ఉంటారు. అడిగేది నిజంగా అనుమతే అయితే, వద్దంటే వదిలెయ్యాలి కదా? ఎన్నిసార్లు విదిలించకపోతే దాన్ని తిరిగి ఇంటికి తోలుకెళ్లారు? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ సంబరం కమిటీ పెద్దనైనా అడగండి. జవాబు ఉండదు.

నన్ను ఆలోచింపజేసేది ఆ నీళ్లే. సొరకాయ కోసేటప్పుడు ఎవరూ దాని సమ్మతి కోసం ఎదురుచూడరు. వరి కోసేటప్పుడు అడగరు. మేకపోతు దగ్గరికి వచ్చేసరికే మనిషికి ఒప్పుదల కావలసి వస్తోంది. ఎందుకంటే, ఎదురుగా ఉన్నది బతకాలనుకుంటున్న ప్రాణమని కత్తి పట్టుకున్నవాడికి తెలుసు. చుట్టూ నిలబడ్డవాళ్లకూ తెలుసు. ఆ తెలిసినదాన్ని అణిచిపెట్టుకోవడానికే అమ్మ పేరు అడ్డం పెట్టుకుంటున్నాం. నేను చెప్పదలచింది ఒక్కటే: మన పండగల్లోంచి ప్రాణహింసను పూర్తిగా తీసేయాలి. గుడి ముందరి కత్తి దగ్గర్నుంచి, వంటింట్లో నేతిగిన్నె దాకా. వచ్చే తరం వచ్చి తీసేస్తుందని చేతులు ముడుచుకోవడం కాదు, వచ్చే సంబరానికే తీసేయాలి.

"తాతల నాటి ఆచారం. మానేస్తే అమ్మోరు ఊరుకుంతాదేటి?" అంటారు. తాతల నాటి ఆచారాల సంగతే మాట్లాడుకుందాం. మన కొండలకు ఎగువన, నాటి గంజాం, జయపురం ప్రాంతాల్లో, భూదేవి పేర మనిషిని బలిచ్చే మెరియా ఆచారం పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా ఉండేది. మనిషి రక్తం పడకపోతే పసుపు కొమ్ముకు రంగు రాదని నమ్మేవారు. దాన్ని అణచడానికి ఇంగ్లీషు సర్కారు 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీనే పెట్టింది. ఆ వంకతో కొండల మీద పెత్తనం బిగించుకుందన్నదీ నిజమే, దొరల దయాగుణానికి నేను హారతి పట్టబోవడం లేదు. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఆ కొండల్లోని కోందు తెగవాళ్లు మనిషి స్థానంలో దున్నపోతును నిలబెట్టారు. పసుపు పండటం మానలేదు. రంగూ మారలేదు. భూదేవి కోపగించి కొండల్ని మింగెయ్యలేదు. మార్పు వద్దని ఆనాడు కూడా ఎవరో ఒక పెద్దమనిషి ఇదే మాట అనే ఉంటాడు: అమ్మ ఊరుకోదని.

తెలుగునాట ఎన్నో ఊళ్లలో ఒకప్పుడు సిడిమాను ఉండేది. మనిషి వీపు చర్మంలో ఇనప కొక్కేలు గుచ్చి, పొడవాటి మాను చివర వేలాడదీసి తిప్పేవారు. ఇవాళ ఆ పని చేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇప్పుడు విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం చూడండి. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం, చింతమాను చివర కట్టిన పీఠం మీద పూజారి అమ్మ ప్రతిరూపంగా కూర్చుంటాడు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు సిరిమాను తిరుగుతుంది. లక్షల జనం చూస్తారు. మొక్కు ఉన్నవాళ్లు ఏం విసురుతారు సిరిమాను మీదికి? అరటిపళ్లు. ఉత్తరాంధ్ర మొత్తానికి పెద్ద పండగలో, అందరూ చూసే ఆ ఘడియలో, మొక్కు తీరేది అరటిపండుతో! సిరిమానుకు ముందు తెల్ల ఏనుగు నడుస్తుంది. అది బండి మీద కట్టిన బొమ్మ ఏనుగు. ఆ బొమ్మకు దణ్ణం పెట్టినవాడి భక్తి ఒక్క వీసం తగ్గిందా? ముందురోజు రాత్రి తొలేళ్లలో అమ్మ ఆశీస్సుగా రైతుల చేతికి అందేది గుప్పెడు విత్తనాలు. ఆ గుప్పెడు గింజలు దొరకడం కోసం పల్లెల నుంచి వచ్చి తెల్లవార్లూ కూర్చుంటారు. పండు, గింజ, బొమ్మ. ఇంత పెద్ద పండగ వీటి మీద నిలబడి ఉంటే, మన ఊరి నీలమ్మకూ, బంగారమ్మకూ, అసిరితల్లికీ రక్తమే కావాలని ఎవరు తేల్చారు?

పైడితల్లి కథే ఇంకొకసారి తలుచుకోండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర జరిగిన మారణకాండ విజయనగరం జిల్లా గుండె మీద చెరగని మచ్చ. ఆ యుద్ధం వద్దని అన్న విజయరామరాజును వారించిన ఆడబిడ్డ పైడితల్లి అనీ, అన్న చావు విని పెద్దచెరువులో కలిసిపోయిందనీ జనం చెప్పుకుంటారు. రక్తపాతం వద్దని బతిమాలి, వినే నాథుడు లేక ప్రాణం తీసుకున్న తల్లి ఆమె. ఆమె పేరు చెప్పుకుని సందు సందునా కోడి మెడలు తెంపుతున్నాం. ఆమె చెప్పిన మాటను ఆనాడు అన్న వినలేదు, ఈనాడు మనం వినడం లేదు.

శాకాహారమూ జీవదయా ఎక్కడి నుంచో వచ్చిపడ్డ మాటలని కొట్టిపారేసేవాళ్లు ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్లండి. ఋషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడు చెక్కించిన బండ ఉంది. ఆయన మొదటి శాసనం ఏమంటుందో తెలుసా? ప్రాణుల్ని చంపి బలివ్వకూడదంటుంది. వేడుకల పేరుతో జరిగే ఇలాంటి గుంపులను తప్పుపడుతుంది. అంతటితో ఆగదు. తన వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు కూరకోసం చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చస్తున్నాయనీ, జింక కూడా ప్రతిరోజూ కాదనీ, ముందుముందు ఆ మూడూ ఉండవనీ ఒప్పుకుంటుంది. ఒక చక్రవర్తి తన వంటింటి పాపాన్ని లెక్కకట్టి, తాను ఓడించిన కళింగ జనం ఎదుట, తన ప్రజలందరూ చదివేలా రాయి మీద చెక్కించాడు! మన సంబరం కమిటీల లెక్కల పుస్తకంలో డప్పుల ఖర్చు, పందిరి ఖర్చు, రికార్డింగ్ డాన్సు ఖర్చు ఉంటాయి. ఎన్ని ప్రాణాలు పోయాయో ఒక్క పుస్తకంలోనైనా రాశారా? శాలిహుండంలో, రామతీర్థం కొండల మీద బౌద్ధ విహారాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. రామతీర్థంలో జైనుల ఆనవాళ్లూ ఉన్నాయి. వంశధార ఒడ్డున అహింస అన్న మాట మేకపోతు బలికంటే కొత్తది ఏమీ కాదు.

చట్టం సంగతి చెప్తాను, చాలామందికి తెలియదు గనక. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న పుట్టింది. అదే ఏడాది నాటి మద్రాసు ప్రభుత్వం జంతు, పక్షి బలుల నిషేధ చట్టం చేసింది. గుళ్లలోగాని, గుడి ఆవరణలోగాని, వీధిలో సాగే పూజా ఊరేగింపులోగాని ఏ జంతువునూ పక్షినీ బలివ్వకూడదు. ఆంధ్ర ప్రాంతానికి ఆ చట్టం అలాగే సంక్రమించింది, ఈ రోజుకీ ఉంది. మేజిస్ట్రేటు ఉన్నాడు, పోలీసు స్టేషను ఉంది, దేవాదాయ శాఖ ఉంది. డెబ్బయి ఏళ్లకు పైబడిన చట్టాన్ని నడివీధిలో అందరి కళ్లముందూ తెగనరుకుతుంటే, బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ జనాన్ని పక్కకు జరిపి దారిస్తున్నాడు. 1960 నాటి కేంద్ర చట్టం మతం పేర చంపడానికి ఒక సందు వదిలిన మాట నిజమే. అది ఆ చట్టంలోని పెద్ద లోపం, దాన్ని పూడ్చాలి. కానీ మన రాష్ట్ర చట్టం ఆ సందును గుడి ముందు మూసేసింది. మునిసిపాలిటీల పరిధిలో కబేళా కాని చోట కోయకూడదనీ, చూలు పశువునూ, మూడు నెలలు నిండని పిల్లనూ కోయకూడదనీ 2001లో కేంద్ర నియమాలు వచ్చాయి. పట్టణాల్లో సంబరం రోజు రోడ్డు వారన నరికే పోతుల్లో ఏది ఈ నియమాలకు లోబడి ఉంది?

కోడిపందేల మాట ఇక చెప్పనక్కర్లేదు. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం నేరమని చట్టమే చెబుతుంటే, కోడి కాలికి కత్తి కట్టి, ప్రజాప్రతినిధి చేత రిబ్బను కోయించి, దాన్ని సంక్రాంతి సంస్కృతి అంటున్నారు. గోదావరి జిల్లాల జబ్బును మన పల్లెలకు తెచ్చుకుని మురిసిపోవడం సిగ్గుచేటు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. "ఇది పై కులాల మాట. మా కంచంలోకి తొంగిచూడటానికి నువ్వెవడివి?" ఆ కోపానికి కారణం ఉంది. తిండిని అడ్డం పెట్టుకుని ఈ దేశంలో దళితుల్ని, ఆదివాసుల్ని, మత్స్యకారుల్ని అవమానించినంతగా మరి దేనితోనూ అవమానించలేదు. రోజూ వలవేసి బతికే బారువ కుర్రాడి మీదికో, కొండమీద దొరికింది తినే సవర ఇంటి మీదికో వేలు చూపించడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. నేను అడుగుతున్నది పండగ గురించి. ఆ పండగలో కత్తి ఎవరి చేతికిచ్చారో చరిత్ర చదవండి. హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణదేశపు గ్రామదేవతల మీద వేసిన పుస్తకంలో దున్నపోతు బలి తంతులు వివరంగా ఉన్నాయి. నరికే పని, రక్తం మోసే పని, పేగులు మెడలో వేసుకునే పని ఎవరికి అప్పగించారు? మాల, మాదిగ ఇళ్లవాళ్లకు. పండగ ఊరంతటిదీ, పాపం పని మాత్రం వాళ్లది. మర్నాడు అదే చేతుల్ని చూపించి అంటరానివాళ్లని పక్కన పెట్టింది అదే ఊరు. బలిని కాపాడటం ఆ ఇళ్ల ఆత్మగౌరవాన్ని కాపాడటమని ఎవరైనా చెబితే నేను నమ్మను. పేదవాడికి ఆ వేటపోతు ఖరీదు కూడా చిన్నది కాదు. హైదరాబాదులోనో, చెన్నైలోనో ఇటుకలు మోసి, సెంట్రింగు కొట్టి, సంబరానికి ఊరొచ్చిన వలసకూలీ చేతిలోని డబ్బు మూడు రోజుల్లో ఆవిరైపోతుంది. చుట్టాలకు ముక్క పెట్టకపోతే పరువు పోతుందని అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ రైలెక్కుతాడు. ఈ పరువు ఎవరు నేర్పారు? జమీందార్ల విందులు నేర్పాయి.

ఇక శాకాహారులమని తల ఎగరేసేవాళ్లారా, మీ దగ్గరికీ వస్తున్నాను. నేతి అరిసెలు, పాల పరమాన్నం, పెరుగు గారెలు వడ్డించుకుని, చేతికి రక్తం అంటలేదని సంతోషపడకండి. గేదె పాలివ్వాలంటే చూలు కట్టి ఈనాలి, పుట్టిన దుడ్డెల్లో సగం మగవి. ట్రాక్టర్లొచ్చాక ఆ మగదుడ్డెతో పని లేదు. అది ఎక్కడికి పోతుంది? అలమండ సంతకు, మానాపురం సంతకు వెళ్లి చూడండి. వట్టిపోయిన తల్లీ అక్కడికే వస్తుంది. మన దేశం 1998 నుంచీ పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటిది. గేదె మాంసం ఎగుమతిలోనూ ముందు వరసలో ఉంది. ఆ రెండూ ఒకే కొట్టం నుంచి వస్తున్నాయి. నేతిగిన్నెకూ కబేళాకూ మధ్య దూరం సంత నుంచి లారీ వెళ్లేంత.

సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకునే ఆచారం మన జిల్లాలదీ. గుడి విశాఖలో ఉన్నా, అనువంశిక ధర్మకర్తలు విజయనగరం పూసపాటివారు. మొక్కేవాళ్లలో మన పల్లెల రైతులు ఎందరో. తల్లి పొదుగు దగ్గర్నుంచి లేతదూడను తప్పించి, ఆటోలో కుక్కి కొండ కిందికి తెచ్చి వదిలేస్తారు. పాలు లేక, మేత లేక ఆ దూడలు చచ్చిపోవడం గురించి, వేలంలో చేతులు మారినవి కోతకు చేరడం గురించి విశాఖలోని జంతు సంరక్షణ సంఘం వీఎస్‌పీసీఏ ఏళ్ల తరబడి పోరాడింది. అక్కడ కత్తి లేదు, నెత్తురు లేదు, గోవింద నామస్మరణ ఉంది. ప్రాణం మాత్రం అలాగే పోయింది. నాగుల చవితికి పుట్టలో పోసే పాలదీ అదే కథ. పాము పాలు తాగదు, దాని ఒంటికి పాలు అరగవు. పుట్టలో పాలు, గుడ్లు కుమ్మరించి, పక్కన టపాకాయలు కాల్చి, లోపలి జీవానికి ఊపిరాడకుండా చేసి, దానికి పూజ అని పేరు పెట్టాం. చిమ్మిలీ చలిమిడీ నివేదించి, పుట్టకు పసుపు రాసి, పిల్లల చేత దూరం నుంచి దణ్ణం పెట్టించి వస్తే చవితి జరగదా?

జీవాన్ని గౌరవించడం మనవాళ్లకు చేతకాని పని కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, కొంగలు వలస వస్తాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్లకొంగలు వానాకాలంలో వస్తాయి. ఇళ్ల నడుమ చెట్లమీదే గూళ్లు కడతాయి. రెట్టల కంపు భరిస్తారు, అరుపులు భరిస్తారు, ఒక్క గూడు కదిలించరు. ఆ పక్షులొస్తేనే ఊరికి మంచిదని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఏ శాస్త్రవేత్తా వచ్చి నేర్పలేదు. శ్రీకాకుళం జిల్లా పల్లెజనం తమకు తాముగా పెంచుకున్న ఆచారం అది. ఆచారం అంటే అభిమానమున్నవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకోండి.

కనుమ సంగతికి వద్దాం. కనుమ పశువుల పండగ. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో దండలు వేసి దణ్ణం పెట్టే రోజు. ఆ దణ్ణం పెట్టిన చేతుల్తోనే గంట తిరక్కుండా మాంసం కొట్టు ముందు క్యూ కడుతున్నాం. ముక్కనుమ నాటికి ఊళ్లో కోడి కూత వినిపించదు. మరి మన పెద్దలు చెప్పిందేమిటి? కనుమనాడు మినుము తినాలన్నారు. మినుము! మినపగారెలు అన్నారు, మేకపోతు అనలేదు. సామెతను వదిలేసి ముక్కను పట్టుకున్నది మనమే.

ఈ నేల మీద పండే పంటలతో పండగ వంట ఎంత ఘనంగా చేయవచ్చో చెప్తాను. పొట్టు కొట్టించిన లేత పనసకాయను ఉడికించి, చింతపండు పులుపేసి, ఎండుమిరపా ఇంగువా తాలింపు పెట్టి, దించాక నూరిన ఆవ కలిపితే, ఆ ఘాటు ముక్కు పుటాలకు తగిలితే, విజయనగరం పెళ్లి భోజనాల్లో దానికి సాటి కూర లేదు. ముక్క కొరకాలనిపించేవాళ్లకు ముదురు పనసకాయ మసాలా కూర ఉంది. ఉద్దానం పనస తోటలకు పెట్టింది పేరు. పలాస జీడిపప్పు దేశమంతా తింటోంది, మన పండగకు వంకాయ జీడిపప్పు కూర వండుకోవడానికి మనకేం లోటు? తీపి గుమ్మడి, చిలగడదుంప, వంకాయ, మునక్కాడ వేసి మరిగిన సంక్రాంతి దప్పళం. కంద బచ్చలి. నువ్వులపొడి చల్లిన గుమ్మడికూర. సీతంపేట, పార్వతీపురం కొండల వెదురుకొమ్ముల కూర. ఉలవలు, చోడి అంబలి. నూనెలో వేసిన అరిసెలు, పోకుండలు, బూరెలు, నువ్వుండలు, తేగలు. పరమాన్నానికి ఉద్దానం కొబ్బరి ఉంది: రెండోసారి పిండిన పాలల్లో బియ్యం ఉడికించి, చివర్న చిక్కటి తొలిపాలు పోసి, అనకాపల్లి బెల్లం కలపండి. బెల్లం వేశాక ఎక్కువ మరగనివ్వకండి, కొబ్బరిపాలు విరుగుతాయి. తిన్నవాడు పాలపరమాన్నం అడిగితే నన్ను అడగమనండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటుకుని, పెంచుకుని నిలబడ్డ రైతు దగ్గర కొనండి. పండగ డబ్బు కోళ్లఫారం కంపెనీకి పోకుండా అతనికి చేరుతుంది.

కొండమీద జాతాపు, సవర ఇళ్లలో కందికొత్తల పండగ ఉంది. కొత్త కంది అమ్మకు పెట్టకుండా నోట పెట్టరు. అక్కడా కోడిని కోస్తారు, దాచను. కానీ కోడి లేని ఏడు ఆ పండగ జరుగుతుంది, కంది పండని ఏడు జరగదు. పండగకు ప్రాణం ఎక్కడుందో ఆ ఒక్క మాటలో తెలియడం లేదా?

కాబట్టి సంబరం కమిటీల పెద్దలకు నా మాట. పందిరిరాట వేసిన రోజునే డప్పు వేయించి చెప్పండి: ఈసారి మన అమ్మకు వేట లేదు, గుడి ముందు బూడిద గుమ్మడికాయ కొడతాం, నిమ్మకాయలు కోస్తాం. ఆ గుమ్మడికాయ కొత్తగా కనిపెట్టింది కాదు. గృహప్రవేశానికి కొడుతున్నాం, కొత్త లారీ ముందు కొడుతున్నాం, దసరా రోజు కొట్టు ముందు కొడుతున్నాం. కుంకం రాసి పగలగొడితే దిష్టి పోతుందని మీరే నమ్ముతున్నారు. మొక్కుకుని ఇప్పటికే పోతును కొన్నవాళ్లుంటే, దాని చెవికి గుర్తు పెట్టి అమ్మపేర వదిలేయండి, మేత ఊరు చూసుకోవాలి. ఇంటికో సోలెడు బియ్యం, ఒక కొబ్బరికాయ, ఒక కూరగాయ తెప్పించి గుడి దగ్గరే ఊరందరికీ ఒక్క పంక్తిలో వడ్డించండి. కులానికో బంతి వేసే పాత పద్ధతి అక్కడే ఆగిపోవాలి. పూజారులు ముందు నోరు విప్పాలి. గణాచారికి అమ్మ పూనినప్పుడు, ఏం కావాలి తల్లీ అని అడిగే పెద్దలు, వేట తప్ప మరో జవాబు వచ్చే ప్రశ్న అడగాలి. యువజన సంఘాల కుర్రాళ్లు, ఫ్లెక్సీల మీద తమ ఫొటోలతో పాటు, ఈ ఏడు మా ఊరి సంబరంలో ఒక్క ప్రాణం కూడా పోలేదని రాయించుకునే ధైర్యం చేయాలి.

గురజాడ నాటకం కన్యాశుల్కం 1892లో ఆడింది ఈ విజయనగరంలోనే. పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్ముకోవడం ఆనాడు ఆచారమే. గురజాడ దానికి తలవంచలేదు, ఊరు నొచ్చుకుంటుందని నోరు మూసుకోలేదు. ఆయన పేరున వీధులు పెట్టుకుని, విగ్రహానికి దండలు వేసి, మన గుడి ముందు కత్తిని మాత్రం ముట్టుకోకుండా ఉంటామంటే కుదరదు. కలెక్టర్లు, పోలీసు అధికారులు 1950 చట్టం ప్రతిని తెలుగులో అచ్చువేయించి ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీదా అతికించాలి. శంబర పోలమాంబ జాతర సంక్రాంతి దాటగానే వస్తుంది. నోటీసు అతికించే పని ధనుర్మాసంలోనే మొదలుపెట్టాలి.